సైలెన్సర్ బోల్టుకు పానా తిరిగే చోటు వదలండి

మోటార్‌సైకిళ్లు, స్కూటర్లు డిజైన్ చేసే ఇంజనీర్లందరికీ నమస్కారం.

నేను చెన్నై తండయార్‌పేటలో టూవీలర్ మెకానిక్‌ని. సొంతూరు నాయుడుపేట దగ్గర. శ్రీపెరుంబుదూరు, ఒరగడం ఫ్యాక్టరీల్లోనూ, హోసూరు, పుణె డిజైన్ ఆఫీసుల్లోనూ మన తెలుగు పిల్లలు చాలామంది పనిచేస్తున్నారు. మా ఊళ్లో ఇంజనీరింగ్ చదివి అటు వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ద్వారానైనా మీ టేబుల్ మీదికి చేరుతుందని ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. సైలెన్సర్‌ను పట్టి ఉంచే నట్లు, బోల్టులు ఎక్కడ ఉండాలో మీరు నిర్ణయించే రోజునే, నాలుగైదేళ్ల తర్వాత వాటిని విప్పే చెయ్యి ఎటు నుంచి వస్తుందో, పానా ఎంతవరకు తిరుగుతుందో కూడా నిర్ణయించండి. బిగించడానికి చోటుంటే చాలనుకోవద్దు. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు బోల్టు కొత్తది, మర శుభ్రంగా ఉంటుంది, చుట్టూ ఉండాల్సిన భాగాలు కొన్ని ఇంకా ఎక్కి ఉండవు. మా దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఎక్కి ఉంటాయి. వాటి మీద తుప్పు కూడా ఉంటుంది.

సైలెన్సర్ ఎన్నిసార్లు విప్పుతారులే అని మీలో కొందరు అనుకోవచ్చు. నిజానికి చాలా సార్లు విప్పుతాం. చాలా గేర్‌లెస్ స్కూటర్లలో వెనక చక్రం బయటికి రావాలంటే ముందు సైలెన్సర్ దిగాలి. టైరు మార్చాలన్నా, బ్రేక్ షూలు మార్చాలన్నా అంతే. మోటార్‌సైకిళ్లలో సెంటర్ స్టాండ్ పిన్ను అరిగితే సైలెన్సర్ దించాల్సినవి ఉన్నాయి. క్లచ్ కవర్ తెరవబోతే బెండు పైపు (ఇంజను నుంచి సైలెన్సర్‌కు వెళ్లే వంపు పైపు) అడ్డం వచ్చేవి ఉన్నాయి. హెడ్డు (ఇంజను సిలిండర్ మీది మూత) పని అయితే ఎలాగూ తప్పదు. దెబ్బ తగిలి పైపు సొట్టపోయిందనో, ప్యాకింగ్ పోయి టపటపమని శబ్దం వస్తోందనో వచ్చేవాళ్లు వేరే. ఇన్ని పనులకు మొదటి అడుగు ఆ నాలుగైదు నట్లు, బోల్టులే. అవి రాకపోతే అసలు పని మొదలే కాదు.

చోటు గురించి కొంచెం వివరంగా చెబుతాను. లెక్క మీకు తెలిసిందే, కానీ షెడ్డులో అది ఎలా ఉంటుందో చెప్పాలి. ఆరు పలకల నట్టును మూతి తిన్నగా ఉన్న పానాతో తిప్పితే, మళ్లీ కొత్త పట్టు దొరకడానికి 60 డిగ్రీలు తిరగాలి. సైలెన్సర్ చుట్టుపక్కల అంత చోటు చాలా బండ్లలో ఉండదు. అందుకే పానా మూతిని 15 డిగ్రీలు పక్కకు వంచి చేస్తారు. ప్రతిసారీ పానాను తిరగేసి పట్టుకుంటే 30 డిగ్రీలతో పని నడుస్తుంది. 12 మూలల రింగ్ పానాకూ 30 డిగ్రీలు చాలు. 72 పళ్ల రాచెట్ (నట్టు మీంచి తీయకుండానే ముందుకూ వెనక్కూ ఆడిస్తూ తిప్పే పిడి) అయితే 5 డిగ్రీలకే ఒక పన్ను పడుతుంది, కానీ దాని తల లావు, సాకెట్ పెట్టాక ఇంకా పొడుగు. పైపుకీ ఫ్రేముకీ మధ్య సందులో అది దూరదు. దూరేది పలచటి పానా ఒక్కటే. అది రెండు పలకల మీదే పట్టుకుంటుంది, తుప్పు పట్టిన నట్టు మీద జారుతుంది. రెండుసార్లు జారితే పలకలు పోయి నట్టు గుండ్రంగా అయిపోతుంది. ఆ తర్వాత దానికి ఏ పానా పట్టదు.

హెడ్డు దగ్గర సాధారణంగా రెండు నట్లుంటాయి. ఒకటి కంటికి కనిపిస్తుంది, టీ పానా నేరుగా వెళ్తుంది. రెండోది ఫ్రేము ముందు గొట్టం (డౌన్‌ట్యూబ్) చాటున ఉంటుంది. హారన్ విప్పి, లెగ్‌గార్డ్ విప్పి, రేడియేటర్ ఉన్న బండైతే దాన్నీ కాస్త ముందుకు జరిపితే తప్ప చెయ్యి అందదు. రేడియేటర్ జరపడమంటే కూలెంట్ గొట్టాలను లాగడమే, పాతబడిన గొట్టం చిట్లితే అదొక కొత్త ఖర్చు. ఆ నట్లు ఎక్కేది స్టడ్‌ల మీద, అంటే హెడ్డులోకి బిగించిన తల లేని బోల్టుల మీద. ఆ రెండు స్టడ్‌లనూ పొగ బయటికొచ్చే పోర్టు చుట్టూ కొద్దిగా తిప్పి పెట్టి ఉంటే రెండింటికీ నేరుగా దారి దొరికేది కదా అని నాకు చాలా బండ్ల ముందు కూర్చున్నప్పుడు అనిపిస్తుంది. కొన్ని మోడళ్లలో అలా పెట్టారు కూడా. ఆ బండి గీసినవాళ్లెవరో నాకు తెలియదు గానీ, రెండో నట్టుకు ఎక్స్‌టెన్షన్ రాడ్డు సూటిగా దిగిన ప్రతిసారీ వాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను.

వెనక ఫుట్‌రెస్ట్ దగ్గరి బోల్టు బాధ ఇంకో రకం. కొన్ని బండ్లలో దాని తలను లోపలి వైపు, టైరుకు ఎదురుగా పెడతారు. బయటి నుంచి చూస్తే బ్రాకెట్ నున్నగా, అందంగా ఉంటుంది. లోపల స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చట్రం), టైరు, బ్రేకు రాడ్డు. పానా పట్టించగలిగినా తిప్పడానికి ఉండదు. ఎలాగో వదులు చేశాక బోల్టు పూర్తిగా బయటికి రాదు, ఎందుకంటే దాని పొడవు కంటే బ్రాకెట్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య ఖాళీ తక్కువ. మరంతా వదిలి వేళ్లతో తిరుగుతున్న బోల్టు, అడ్డం తగిలి అక్కడే ఆగిపోతుంది. దాన్ని లాగడానికి షాకబ్జార్బర్ కింది బోల్టు విప్పి స్వింగ్ ఆర్మ్‌ను పైకో కిందికో జరపాలి. బోల్టును తిరగేసి బయటి నుంచి లోపలికి పెట్టి ఉంటే ఈ పనంతా ఉండేది కాదు.

నాకు అన్నిటికంటే భయం కలిగించేది మూసి ఉన్న బ్రాకెట్ లోపల వెల్డ్ చేసిన నట్టు. ఫ్యాక్టరీలో ఒక చేత్తోనే బిగించేయొచ్చు, అందుకే మీరు పెట్టారని అర్థమవుతుంది. తుప్పు పట్టాక బోల్టు తిప్పితే మర వదలదు, వెల్డు ఊడిపోతుంది. ఇక నట్టు, బోల్టు కలిసి తిరుగుతాయి. లోపల నట్టును పట్టుకునే దారి లేదు. గ్రైండర్‌తో బోల్టు తల కోసేయడమే గతి. నిప్పురవ్వలు పెట్రోలు ట్యాంకు వైపు పోకుండా తడి గోనెసంచి కప్పి కోస్తాం.

ఇక చెన్నై గాలి సంగతి. మాది సముద్రానికి దగ్గర. ఇక్కడ కొత్త బోల్టు మీద జింక్ పూత ఎంతకాలం ఉంటుందో మీకు మీ ల్యాబ్‌లో తెలిసే ఉంటుంది, పైగా సైలెన్సర్ వేడికి అది ఇంకా తొందరగా పోతుంది. అల్యూమినియం హెడ్డులో ఉక్కు స్టడ్ ఉంటుంది. రెండు వేరు లోహాలు తగిలి ఉన్న చోట ఉప్పునీరు చేరితే అల్యూమినియం తినుకుపోతుంది, తెల్లటి పొడిలా తేలుతుంది. ఆ పొడి మరలో నిండి స్టడ్‌ను బిగబట్టేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఎన్నో వీధుల్లో బండ్లు మునిగి నిలబడ్డాయి. నీళ్లు దిగాక వచ్చిన బండ్లలో సైలెన్సర్ నిండా బురద నీళ్లు. దించి ఒంపాలంటే మళ్లీ ఆ నట్లే.

కాసిమేడు చేపల రేవుకు వచ్చే బండ్లు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. వెనక సీటు మీద చేపల బాక్సులు పెట్టుకుని పోతారు. ఐసు కరిగి ఉప్పునీరు బొట్లుబొట్లుగా సైలెన్సర్ మీద, దాని బ్రాకెట్ మీద రోజూ కారుతుంది. వేడి పైపు మీద నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది. రెండో ఏడాదికే ఆ బోల్టు తల ఏదో, బ్రాకెట్ ఏదో తెలియనట్టు అయిపోతుంది. ఈ మనుషులకు బండే బతుకుతెరువు.

నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన అలాంటి స్కూటర్ తెచ్చాడు. వెనక టైరు అరిగిపోయింది, మార్చమన్నాడు. స్కూటర్లో హెడ్డు నట్లు కింద వైపు, నేలను చూస్తూ ఉంటాయి. ముందు చక్రం చిమ్మే నీళ్లు, బురద నేరుగా వాటికే తగులుతాయి. ముందు రోజు రాత్రే రస్ట్ స్ప్రే కొట్టి ఉంచాం. పొద్దున్న ఇంజను కాసేపు వేడిచేసి, ఆరు మూలల సాకెట్‌తో మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించాం. ఒక నట్టు వచ్చింది. రెండోది స్టడ్‌ను మెలిపెట్టింది, స్టడ్ హెడ్డు మట్టానికి తెగిపోయింది.

"అన్నా, నేను టైరు మార్చమంటే నువ్వు హెడ్డు విప్పాలంటావేంది?" అన్నాడాయన. కోపంగా అనలేదు, నిజంగా అర్థంకాక అడిగాడు. పక్కన కూర్చోబెట్టి విరిగిన ముక్క చూపించాను. మిగిలిన ముక్కకు పైన ఒక నట్టు వెల్డ్ చేసి తిప్పి చూశాం, రాలేదు. హెడ్డు దించి లేత్ షాపుకు పంపాం. అక్కడ డ్రిల్ చేసి కొత్త మర పోసి ఇన్సర్ట్ (లోపల మర ఉన్న చిన్న తొడుగు) వేశారు. హెడ్ గాస్కెట్, ఆయిల్, లేత్ కూలి, మా కూలి అన్నీ కలిపితే టైరు ఖరీదు దాటింది. తెల్లవారుజామున చేపల వేలంపాటకు బండి లేక ఆయన పోగొట్టుకున్న బేరం ఎవరూ లెక్క కట్టలేదు. నేను కూలి తగ్గించుకున్నాను, కానీ అది పరిష్కారం కాదు. ఆ స్టడ్‌కు నట్టు వేసే రోజున చిటికెడు కాపర్ గ్రీజు రాసి ఉంటే, లేదా నట్టు ఇత్తడిదై ఉంటే, ఆయన ఆ పొద్దున్నే టైరు మార్పించుకుని వెళ్లిపోయేవాడు.

ఇలాంటి నట్లను మేము ఎలా విప్పుతామో కూడా మీకు తెలియాలి. స్ప్రే ఒక రాత్రి నానాలి, తొందరపడితే లాభం లేదు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అందుకని హెడ్డు వేడిగా ఉన్నప్పుడు స్టడ్ చుట్టూ పట్టు కాస్త సడలుతుంది. అయితే పెట్రోలు ట్యాంకు పక్కన, ఆవిరి పట్టే కెనిస్టర్ గొట్టాల పక్కన గ్యాస్ మంట పెట్టడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ట్యాంకు దించకుండా మంట ముట్టించొద్దని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెబుతాను. సూటిగా దారి లేని నట్టుకు యూనివర్సల్ జాయింట్ (ఎటైనా మడతపడే కీలు) వాడతాం, కానీ బిగుసుకున్న నట్టును మొదట కదిలించడానికి అది పనికిరాదు, మడతపడి పక్కకు నెట్టి పలకలు కొట్టేస్తుంది. అలాంటప్పుడు కొద్దిగా మాత్రమే ఊగే వాబుల్ ఎక్స్‌టెన్షన్ మేలు. గుండు మూతి ఎలన్ కీ (బోల్టు తలలోని ఆరు పలకల గుంటలో దూర్చి తిప్పే కడ్డీ) కూడా అంతే, ఏటవాలుగా దూరుతుంది గానీ బలం ఆపదు. వదులయ్యాక తిప్పడానికే అది.

ఎలన్ బోల్టు తల టైరుకు ఎదురుగా ఉండి కీ పట్టనప్పుడు, కీ నుంచి అంగుళం ముక్క కోసి దాన్ని గుంటలో పెట్టి, బయట మిగిలిన కొసకు రింగ్ పానా తగిలిస్తాం. మా గోడ మీద ఇలా మేమే చేసుకున్న పనిముట్లు ఒక వరస ఉన్నాయి. గ్రైండర్ మీద పలచగా అరగదీసిన 12-13 పానా, గ్యాస్ మంటలో కాల్చి వంచిన రింగ్ పానా, మధ్యలో కోసి పొడుగు రాడ్డు అతికించిన సాకెట్. ఏ పానా ఏ మోడల్ కోసమో పెయింటుతో గుర్తు పెట్టుకున్నాం. పుదుపేటలో పాత పానాలు దొరుకుతాయి, ఇలా వంచడానికి, కోయడానికి అవే కొంటాం. జీపీ రోడ్డులో కొన్న కొత్త సెట్టును కోయాలంటే మనసొప్పదు. మీలో ఎవరైనా ఈ గోడ ముందు ఒక పూట నిలబడితే, ఏ బోల్టు దగ్గర చోటు చాలలేదో మీ మోడళ్ల పేర్లతో సహా కనిపిస్తుంది. ఏ షెడ్డుకు వెళ్లినా ఇలాంటి గోడ ఒకటి ఉంటుంది.

పని నేర్చుకునే పిల్లల చేతులు కూడా చూడండి. బలమంతా పెట్టి లాగినప్పుడు పానా జారితే వేలి కణుపులు నేరుగా ఇంజను ఫిన్నుల అంచుకు తగులుతాయి. చోటున్న బోల్టు దగ్గర జారితే చెయ్యి గాల్లోకి పోతుంది. ఇరుకులో జారితే ఎముకకు తగిలేలా తెగుతుంది. వేడిగా ఉన్నప్పుడు విప్పితే తేలిక అని ఇందాక చెప్పాను, అదే వేడికి ముంజేయి కాలుతుంది.

పాత బండ్లను పొగడటం నా ఉద్దేశం కాదు, కానీ ఒక తేడా చెప్పాలి. టూస్ట్రోక్ బండ్లలో ఆయిల్ కలిసిన పెట్రోలు మండి సైలెన్సర్లో కార్బన్ పేరుకునేది. దాన్ని తీసి శుభ్రం చేయడం మామూలు సర్వీసులో భాగం. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100 చూడండి. సిలిండర్ ముందు పైపు పట్టు ఎదురుగా కనిపిస్తుంది, లోపలి బఫిల్‌ను (శబ్దం తగ్గించే గొట్టాన్ని) ఒక్క చిన్న బోల్టు తీసి వెనక నుంచి లాగేయొచ్చు. యెజ్డీ బండికి సిలిండర్ మీద పెద్ద మర నట్టు ఉండేది, కొక్కెం పానా తగిలించి తిప్పితే వచ్చేసేది. దీన్ని తరచూ విప్పుతారని తెలిసే ఆనాటివాళ్లు గీశారు. ఫోర్‌స్ట్రోక్ వచ్చాక సైలెన్సర్ శుభ్రం చేసే పని పోయింది. దాంతో అది విప్పనవసరం లేని భాగం అయిపోయిందని మీ లెక్కల్లో పడినట్టుంది. ఇప్పుడు దాన్ని సైలెన్సర్ కోసం తక్కువగా, దాని వెనక ఉన్న పనుల కోసం ఎక్కువగా విప్పుతున్నాం. పైగా మధ్యలో ఏళ్లకేళ్లు ఎవరూ ముట్టుకోరు కాబట్టి, విప్పే రోజుకు మర పూర్తిగా పట్టేసి ఉంటుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియవని అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధన వచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్ తొందరగా వేడెక్కితేనే పొగను శుభ్రం చేస్తుంది, అందుకు అది హెడ్డుకు దగ్గరగా ఉండాలి. ఆక్సిజన్ సెన్సర్ పెట్టాలి, దాని వైరు కాలకుండా దారి చూడాలి. బరువు కిందికి రావాలి, మలుపులో పైపు నేలకు రాసుకోకూడదు. గాలి శుభ్రంగా ఉండాలన్నది మా పిల్లల కోసమే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ కన్వర్టర్, పైపు, సైలెన్సర్ అన్నీ కలిపి ఒకే ముక్కగా వెల్డ్ చేసినప్పుడు, వెనక చిన్న పని కోసం కూడా హెడ్డు నట్లు ముట్టుకోవాల్సి వస్తోంది. కన్వర్టర్ తర్వాత ఒక క్లాంప్ జాయింట్ ఇస్తే వెనక భాగం ఒక్కటే విడిగా దిగుతుంది. హెడ్డు దగ్గరి స్టడ్‌ల జోలికి పోనవసరం ఉండదు. కొన్ని బండ్లలో ఆ క్లాంప్ ఉంది, బోల్టు కూడా బయటికి, కిందికి తిరిగి ఉంది. మరికొన్నిట్లో క్లాంప్ ఉంది గానీ బోల్టు తల సెంటర్ స్టాండ్ వెనక ఉంది. అది ఎటు తిరిగి ఉండాలో డ్రాయింగ్‌లో ఒక గీత గీస్తే చాలు.

చిన్న మార్పులు ఇంకా ఉన్నాయి, వీటిలో దేనికీ కొత్త అచ్చులు పెద్దగా అవసరం ఉండదనుకుంటాను. హెడ్డు దగ్గర ఇత్తడి నట్లో, రాగి పూత నట్లో వాడండి. ఉక్కు స్టడ్ మీద అవి పట్టేయవు. ఒకవేళ పాడైనా నట్టు పాడవుతుంది, స్టడ్ నిలుస్తుంది. మూత ఉన్న పొడవాటి నట్టు వేస్తే మర కొస బయటికి కనబడదు, ఉప్పునీరు చేరదు. ఫ్యాక్టరీలోనే మరకు వేడి తట్టుకునే పేస్టు రాయండి. వెనక బ్రాకెట్ రంధ్రాన్ని ఒక వైపు తెరిచి ఉంచితే బోల్టు పూర్తిగా తీయకుండా వదులు చేసి సైలెన్సర్‌ను దించుకోవచ్చు. వెల్డ్ నట్టు బదులు రెండు వైపులా పానా పట్టే మామూలు నట్టు, బోల్టు ఇవ్వండి, తుప్పు పడితే రెండూ కోసి పారేసి కొత్తవి వేస్తాం. అందం కోసం ఎలన్ తల పెట్టకండి. దాని గుంటలో బురద, ఉప్పు చేరి గట్టిపడతాయి, కీ సగమే దిగుతుంది. ఆరు పలకల తల ఉంటే కనీసం సుత్తితో తట్టి ఒక సైజు తక్కువ సాకెట్ ఎక్కించవచ్చు.

నట్ల సైజు గురించి కూడా ఒక మాట. ఎం8 నట్టుకు (8 ఎంఎం బోల్టుకు ఎక్కేది) పానా పట్టే వెడల్పు జపాన్ పద్ధతిలో 12 ఎంఎం, యూరప్ పద్ధతిలో 13. ఒకే బండి మీద రెండూ కలిపితే రోడ్డు మీద ఆగిపోయినవాడు ఒక పానాతో సగం పనే చేసుకోగలడు. మీరిచ్చే టూల్‌కిట్‌లో స్పార్క్ ప్లగ్ పానా ఉంటుంది, సైలెన్సర్ నట్టుకు పట్టేది ఉండదు. కొందరు కుర్రాళ్లు ఇంట్లో సొంతంగా బండి పని చేసుకుంటున్నారు, నాకు చాలా సంతోషం. వాళ్లను కూడా మనసులో పెట్టుకోండి.

విడిభాగాల విషయానికి వస్తే, స్టడ్ విడిగా దొరకాలి. హెడ్డుకీ పైపుకీ మధ్య పొగ కారకుండా పెట్టే ప్యాకింగ్ రింగ్ ప్రతిసారీ కొత్తది వేయాలి, ఒకసారి నలిగిన రింగు మళ్లీ సరిగ్గా కూర్చోదు. ఆ చిన్న రింగు దొరక్క పాతదే వేసి పంపితే పొగ కారుతుంది, శబ్దం వస్తుంది. లీకు నుంచి గాలి లోపలికి పీల్చుకుని ఆక్సిజన్ సెన్సర్ తప్పుగా చదువుతుంది. ఇంజనులో ఏ తప్పూ లేకుండానే మీటరులో ఇంజను హెచ్చరిక లైటు వెలుగుతుంది, బండి ఎక్కడెక్కడికో తిరుగుతుంది. బిగించే వరస కూడా అందరికీ తెలియాలి. ముందు అన్నీ చేత్తో తగిలించాలి, పైపు తన చోట కూర్చున్నాక హెడ్డు నట్లు రెండూ సమంగా బిగించాలి, చివరికి వెనక బ్రాకెట్. వెనకది ముందు బిగిస్తే పైపు లాగుతూ ఉంటుంది, ఆ ఒత్తిడంతా స్టడ్ మీద పడుతుంది. ఎంత బిగించాలో అంకె మీ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఆ మాన్యువల్ డీలర్ల వర్క్‌షాపు దాటి మాలాంటివాళ్ల దాకా రావడమే కష్టం.

ఇది దయతలచి చేసే సాయంగా చూడొద్దని నా మనవి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది. ఆ ఏడాది డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, దానికోసం ఒక పోర్టల్ తెరిచారు. వ్యవసాయ పనిముట్లు, మొబైళ్లు, ఇంటి సామాన్లతో పాటు మోటారు వాహనాలను కూడా అందులో చేర్చారు. పోర్టల్లో ఫోన్ నంబర్లు, వారంటీ వివరాలు పెట్టడం మంచిదే. కానీ మాన్యువల్ చేతిలో ఉన్నా పానా దూరకపోతే రిపేర్ హక్కు ఎక్కడుంది? ఫ్రాన్సులో 2021లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్ల వంటి వాటి మీద ఎంత తేలికగా బాగుచేయొచ్చో మార్కు వేసి అమ్మడం మొదలుపెట్టారు. విప్పడం ఎంత తేలిక అన్నది కూడా ఆ మార్కులో ఒక భాగంగా పెట్టారు. మన దగ్గరా ఫోన్లకు అలాంటి సూచీ తేవాలని కమిటీ వేశారు. టూవీలర్లకు కూడా తేవాలని ఆ శాఖ పెద్దలను ఈ లేఖ ద్వారానే కోరుతున్నాను. బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ఇస్తారు. అన్నేళ్లు దాన్ని నడపాల్సినవాడికి ఆ మార్కు అవసరం.

ఇక మీరు వెంటనే చేయగలిగిన పని ఒకటుంది. భాగాలు తుప్పుకు ఆగుతాయో లేదో చూడటానికి సాల్ట్ స్ప్రే పరీక్ష చేస్తారు కదా. 5 శాతం ఉప్పునీటిని 35 డిగ్రీల వేడిలో పొగమంచులా రోజుల తరబడి చల్లుతారు. ఆ పరీక్ష అయ్యాక పూత ఎంత పోయిందో చూసి రాసుకుంటారు. దానికి ఒక్క మెట్టు కలపండి. హెడ్డు, పైపు, సైలెన్సర్ బిగించిన ఫ్రేమునే ఆ గదిలో పెట్టండి, మధ్యమధ్యలో ఇంజనంత వేడి ఇవ్వండి. బయటికి తీశాక పెడల్, ఫుట్‌రెస్ట్, లెగ్‌గార్డ్ అన్నీ ఎక్కించి, మామూలు షెడ్డులో ఉండే పానాలతో, గ్యాస్ మంట లేకుండా సైలెన్సర్ విప్పించండి. స్టడ్ తెగకుండా, ఏ నట్టూ గుండ్రం కాకుండా అది దిగితేనే డ్రాయింగ్ మీద సంతకం పెట్టండి.

ఆ రోజు విప్పడానికి బయటి మనిషి కావాలంటే కబురు చేయండి. నేను వస్తాను, ఇక్కడి మెకానిక్‌లలో ఎవరిని పిలిచినా వస్తారు. మా పానాలు మేమే తెచ్చుకుంటాం, వంచినవి, కోసినవి కూడా వెంట తెస్తాం. ఏది ఎందుకు వంచాల్సి వచ్చిందో బండి పక్కన నిలబడి చూపిస్తాం.

ఇట్లు,
ఒక టూవీలర్ మెకానిక్,
తండయార్‌పేట, చెన్నై